ఉబర్, లిఫ్ట్ నడిపేవాళ్ళు అమెరికాలో ట్యాక్స్ ఎలా ఫైల్ చేయాలి: మైళ్ల పుస్తకం నుంచి షెడ్యూల్ సి దాకా

జనవరి చివర్లో యాప్‌లోకి 1099-కె అనే ఆదాయం లెక్క ఫారం వస్తుంది. తెరిస్తే 46,000 డాలర్లు అని కనిపిస్తుంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఏడాది మొత్తం కూడితే మీకు చేరింది 34,500. మిగతాది ఎప్పుడు వచ్చింది, ఎటు పోయింది అని గుండె గుభేల్‌మంటుంది.

నేను నడపడం మొదలుపెట్టిన ఏడాది ఆ ఫారాన్ని పక్కన పడేసి, బ్యాంకులో పడ్డ అంకెనే ఆదాయంగా చూపించాను. చాలా నెలల తర్వాత సీపీ2000 అనే నోటీసు ఇంటికొచ్చింది. రిటర్న్‌లో చూపించిన ఆదాయానికీ, ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) దగ్గరున్న 1099కీ పొంతన కుదరనప్పుడు పంపే ఉత్తరం అది. నిజానికి నేను దాచిందేమీ లేదు, సరైన గడిలో రాయలేదంతే. అయినా ఆ ఉత్తరం చేతిలో పట్టుకున్న రాత్రి నిద్ర పట్టలేదు. మీకు ఆ టెన్షన్ రాకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పే రేట్లు, లెక్కలు 2025 ఆదాయానికి సంబంధించినవి. అంటే 2026 ఏప్రిల్ 15లోపు ఫైల్ చేసే రిటర్న్‌వి.

అన్నిటికంటే ముందు: నడపడానికి మీకు అనుమతి ఉందా?

మనవాళ్ళలో ఈ విషయం తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ఉన్నారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. హెచ్1బి మీద ఉన్నవాళ్ళు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి. వీకెండ్‌లో సరదాగా నాలుగు రైడ్లు కూడా కుదరవు. ఎఫ్1 స్టూడెంట్లకూ అంతే. ట్యాక్స్ సక్రమంగా కట్టినంత మాత్రాన చేయకూడని పని చేయదగిన పని అయిపోదు. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళు, సిటిజన్లు, హెచ్4 ఈఏడీ (వర్క్ పర్మిట్) ఉన్నవాళ్ళు నడపవచ్చు.

ఇంకొకటి, ఫ్రెండ్ అకౌంట్ మీద నడపడం. ఆ 1099 ఫ్రెండ్ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద వస్తుంది, ట్యాక్స్ అతని నెత్తిన పడుతుంది, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ మాట దేవుడెరుగు. ఎంత దగ్గరివాళ్ళు అడిగినా మీ అకౌంట్ ఇవ్వకండి.

మీరు ఉద్యోగి కాదు, సొంత వ్యాపారం చేస్తున్నారు

ఉబర్ గానీ లిఫ్ట్ గానీ మీకు జీతం ఇవ్వడం లేదు. ట్యాక్స్ చట్టం దృష్టిలో మీరొక చిన్న వ్యాపారి. అందుకే మీ డబ్బులోంచి ముందే ట్యాక్స్ పట్టుకోరు, ఉద్యోగులకిచ్చే జీతం ఫారం డబ్ల్యూ-2 ఇవ్వరు. ఎల్ఎల్‌సీ అనే కంపెనీ పెట్టాలా అని చాలామంది అడుగుతుంటారు. ట్యాక్స్ కోసమైతే అవసరం లేదు. మీ పేరు మీదే, మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీదే వ్యాపారం రాబడి, ఖర్చులు చూపించే షెడ్యూల్ సి ఫారం నింపితే చాలు. భార్యాభర్తలు ఇద్దరూ చెరో అకౌంట్ మీద నడుపుతుంటే, జాయింట్‌గా ఫైల్ చేసినా ఎవరి షెడ్యూల్ సి వాళ్ళది. ఒక్కరే రెండు యాప్‌లలోనూ నడిపితే మాత్రం రెండూ కలిపి ఒకే షెడ్యూల్ సి.

వ్యాపారి అనే మాటలో ఒక బరువుంది, ఒక సుఖం కూడా ఉంది. బరువు ఏంటంటే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్. ఉద్యోగికైతే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాటాలో సగం కంపెనీ కడుతుంది. మీకు ఆ రెండు సగాలూ మీవే, కలిపి 15.3 శాతం. సుఖం ఏంటంటే, ఈ ట్యాక్స్ వచ్చిన డబ్బు మీద కాదు, ఖర్చులు పోగా మిగిలిన లాభం మీద. ఆ ఖర్చుల్లో అతి పెద్దది మీ కారు. ఇక్కడే అసలు కథంతా ఉంది.

మైళ్లు రాయడం ఈ రోజే మొదలుపెట్టండి

2025లో వ్యాపారం కోసం నడిపిన ప్రతి మైలుకు 70 సెంట్లు ఖర్చుగా చూపించుకోనిస్తారు. 2024లో ఇది 67 సెంట్లు, 2023లో 65.5. మీరు పెట్రోలుకి నిజంగా ఎంత ఖర్చు పెట్టారో ఎవరూ అడగరు. మైళ్లు ఎన్నో మాత్రం అడుగుతారు. షెడ్యూల్ సి నాలుగో భాగంలో ఆ ప్రశ్నలు సూటిగానే ఉంటాయి: మీ దగ్గర ఆధారం ఉందా? ఉంటే, అది రాతపూర్వకంగా ఉందా?

నేను చేసే పద్ధతి చెప్తాను. కారు స్టార్ట్ చేసి, యాప్ ఆన్ చేసే ముందు ఫోన్‌తో ఓడోమీటర్ ఫొటో తీస్తాను. రాత్రి యాప్ ఆఫ్ చేసిన చోట ఇంకో ఫొటో. ఫొటో మీద తేదీ, టైం దానంతటదే పడుతుంది. ఇంటికొచ్చాక గ్లవ్ బాక్స్‌లో ఉండే చిన్న నోట్‌బుక్‌లో ఒక్క లైను: తేదీ, మొదలైన రీడింగ్, ఆఖరి రీడింగ్, ఏ ప్రాంతంలో నడిపాను, మధ్యలో సొంత పని మీద తిరిగిన మైళ్లు ఎన్ని. రెండు నిమిషాల పని. జీపీఎస్‌తో మైళ్లు లెక్కగట్టే యాప్‌లు ఉన్నాయి, అవీ బాగానే పనిచేస్తాయి. కానీ ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజున నోట్‌బుకే దిక్కు. ఇవి కాక జనవరి 1న ఒకటి, డిసెంబర్ 31న ఒకటి ఓడోమీటర్ ఫొటో తప్పనిసరిగా తీసిపెట్టుకోండి. ఏడాదిలో మొత్తం ఎన్ని మైళ్లు తిరిగారు, అందులో వ్యాపారానివి ఎన్ని అనేది కూడా ఫారంలో రాయాలి.

ఏ మైళ్లు లెక్కలోకి వస్తాయి? ప్యాసింజర్ కారులో ఉన్నప్పటివి వస్తాయని అందరికీ తెలుసు. రైడ్ ఒప్పుకున్నాక పికప్ దాకా వెళ్ళేవి కూడా వస్తాయి. యాప్ ఆన్‌లో పెట్టి రైడ్ కోసం తిరిగే మైళ్లు, ఒకరిని దింపి మళ్ళీ బిజీగా ఉండే చోటికి వెనక్కి వచ్చే మైళ్లు కూడా వ్యాపారానివే. యాప్ ఆఫ్ చేసి ఇంటికి వెళ్ళడం, పిల్లల్ని స్కూల్ నుంచి తీసుకురావడం, దారిలో ఇండియన్ గ్రాసరీ దగ్గర ఆగడం మాత్రం మీ సొంతం. పొద్దున్నే యాప్ ఆఫ్‌లో ఉంచి ఇంటి నుంచి మొదటి స్పాట్‌కి వెళ్ళే మైళ్లను ఆఫీసుకి వెళ్ళే ప్రయాణంలాగే చూస్తారు. వాటిని కలపకండి.

యాప్ ఏడాది చివర్లో ఇచ్చే ట్యాక్స్ సమ్మరీలో ఒక మైళ్ల అంకె ఉంటుంది. దాన్నే నమ్ముకుని కూర్చోకండి. రెండు యాప్‌లు ఒకేసారి ఆన్‌లో పెట్టే అలవాటున్నవాళ్ళైతే మరీ జాగ్రత్త. రెండు సమ్మరీలూ కలిపేస్తే ఒకే మైలు రెండుసార్లు పడుతుంది. మీ నోట్‌బుక్ అంకె ఒక్కటే సరైనది.

"ఏం పర్లేదండీ, నలభై వేల మైళ్లు వేసేద్దాం" అనే ట్యాక్స్ ప్రిపేరర్లు కూడా తగులుతారు. నాకు అలాంటి ఒకాయన తగిలాడు. నా కారు ఓడోమీటర్ చూపించి, ఏడాది మొత్తం మీద ఇది తిరిగిందే ముప్పై ఒక్క వేలు అని చెప్పి లేచి వచ్చేశాను. రిటర్న్ కింద సంతకం మనది. సర్వీస్ సెంటర్ బిల్లు మీద కూడా ఓడోమీటర్ రీడింగ్ ఉంటుంది, ఆడిట్‌లో ఆ బిల్లులు అడిగితే అబద్ధం ఐదు నిమిషాలు కూడా నిలబడదు.

70 సెంట్లలో ఏమేం కలిసి ఉన్నాయి?

పెట్రోలు, ఆయిల్ చేంజ్, టైర్లు, రిపేర్లు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, కారు అరుగుదల అన్నీ అందులోనే. కాబట్టి మైళ్ల పద్ధతి తీసుకున్నాక మళ్ళీ పెట్రోలు రసీదులు కలిపితే తప్పవుతుంది. విడిగా చూపించుకోగలిగేవి కొన్నే: మీ జేబులోంచి కట్టిన టోల్, పార్కింగ్, కారు లోన్ వడ్డీలో వ్యాపార వాటా. టోల్ డబ్బు యాప్ మీకు తిరిగి ఇచ్చి ఉంటే, ఆ డబ్బు మీ ఆదాయంలో కలిసి ఉందో లేదో సమ్మరీలో చూసుకోండి. ఆదాయంలో కలవని డబ్బుకి ఖర్చు చూపించకూడదు.

రెండో దారి అసలు ఖర్చుల పద్ధతి. పెట్రోలు, ఇన్సూరెన్స్, రిపేర్లు, అరుగుదల అన్నీ కూడి, వ్యాపార మైళ్ల శాతం మేరకు తీసుకోవడం. ఖరీదైన కొత్త కారైతే ఒక్కోసారి ఇది లాభం. మామూలు హైబ్రిడ్ సెడాన్‌లో ఎక్కువ మైళ్లు తిరిగేవాళ్ళకు నా ఉద్దేశంలో మైళ్ల పద్ధతే మేలు. సొంత కారుకి ఒక మెలిక ఉంది. వ్యాపారంలో పెట్టిన మొదటి ఏడాదే మైళ్ల పద్ధతి తీసుకోవాలి. అలా తీసుకుంటే తర్వాతి ఏడాదుల్లో అటూ ఇటూ మారొచ్చు. మొదటి ఏడాది ఆ అవకాశం వదిలేస్తే ఆ కారుకి మళ్ళీ దొరకదు. లీజు కారైతే మైళ్ల పద్ధతి మొదలుపెట్టాక లీజు పూర్తయ్యే వరకూ అదే కొనసాగించాలి.

కారు కాకుండా మిగతా ఖర్చుల్లో పెద్దది యాప్ కంపెనీ పట్టుకున్న కమిషన్, ఫీజులు. తర్వాత ఫోన్ బిల్లులో వ్యాపార వాటా, ఫోన్ హోల్డర్, చార్జింగ్ కేబుళ్లు, ప్యాసింజర్ల కోసం పెట్టిన వాటర్ బాటిళ్లు. స్పీడింగ్ టికెట్లు, పార్కింగ్ ఫైన్లు పనికిరావు. షిఫ్ట్ మధ్యలో మీరు తిన్న భోజనం కూడా అంతే.

ఏ కాగితం ఏం చెప్తుంది?

1099-కెలో ఉండేది ప్యాసింజర్లు కట్టిన మొత్తం. కంపెనీ తన వాటా పట్టుకోకముందు అంకె. మీకూ నాకూ ఎదురయ్యే ఆ పెద్ద తేడాకి కారణం ఇదే. 2025కి 20,000 డాలర్లు, 200 లావాదేవీలు రెండూ దాటితేనే ఫెడరల్ నియమం ప్రకారం ఇది పంపాలి. కొన్ని రాష్ట్రాల్లో హద్దు ఇంకా తక్కువ. 1099-ఎన్ఈసీలో రిఫరల్ బోనస్‌లు, ఇన్సెంటివ్‌ల లాంటివి వస్తాయి, 2025కి 600 డాలర్ల నుంచి. ఏ ఫారమూ రాకపోయినా వచ్చిన ఆదాయం చూపించాల్సిందే. అందుకు ట్యాక్స్ సమ్మరీ డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోతుంది, కమిషన్ ఎంత పట్టుకున్నారో కూడా అందులోనే ఉంటుంది.

ఇక షెడ్యూల్ సి నింపుదాం

పైన చెప్పిన 46,000నే తీసుకుందాం. బిజినెస్ కోడ్ 485300. బిజినెస్ పేరు గడి ఖాళీగా వదిలేయొచ్చు.

1వ లైనులో మొత్తం రాబడి: 1099-కెలో 46,000, ఎన్ఈసీలో 1,500, కలిపి 47,500. బ్యాంకు అంకె ఇక్కడ రాయకండి. నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే.

10వ లైనులో కమిషన్, ఫీజులు: 13,000. చూశారా, మీకు రాని డబ్బు ఈ లైనులో వెళ్ళిపోయింది. దాని మీద ట్యాక్స్ లేదు.

9వ లైనులో కారు: నోట్‌బుక్ ప్రకారం 28,000 మైళ్లు, 70 సెంట్ల చొప్పున 19,600. ఇదే లైనులో మీరు కట్టిన టోల్, పార్కింగ్ ఓ 300. ఇక వేరే లైనులో ఫోన్ బిల్లు: ఏడాదికి 900, అందులో 60 శాతం వ్యాపారానికి అనుకుంటే 540.

31వ లైనులో మిగిలే లాభం 14,060.

ఈ అంకె సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ లెక్కగట్టే షెడ్యూల్ ఎస్ఈకి వెళ్తుంది. లాభంలో 92.35 శాతం తీసుకుని దాని మీద 15.3 శాతం, అంటే సుమారు 1,987 డాలర్లు. ఇందులో సగం మళ్ళీ ఆదాయంలోంచి తగ్గుతుంది. పైగా ఫారం 8995లో వ్యాపార లాభం మీద ఇచ్చే క్వాలిఫైడ్ బిజినెస్ ఇన్‌కమ్ డిడక్షన్ కింద దాదాపు ఇరవై శాతం తగ్గుతుంది, ఈ లెక్కలో 2,613. భార్యకో భర్తకో మంచి ఉద్యోగం ఉండి ఇంటి ఆదాయం 22 శాతం శ్లాబులో ఉంటే, మిగిలిన 10,454 మీద ఇన్‌కమ్ ట్యాక్స్ సుమారు 2,300. రెండూ కలిపి 4,287.

ఇదే మనిషి మైళ్లు రాయకుండా, ఆధారం లేక 9వ లైనులో ఆ 19,600 వేయలేకపోతే? లాభం 33,660 అవుతుంది. ఒక్క సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్సే 4,756. ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతి అలా ఉంచండి, ఈ ఒక్కదాంట్లోనే 2,769 డాలర్ల తేడా. రోజుకి రెండు ఫొటోలు, ఒక లైను రాత విలువ అది.

ఆ 1,987 వృథా అనుకోకండి. మీ పేరు మీద సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లు చేరేది దాంతోనే. 2025లో 1,810 డాలర్ల సంపాదనకు ఒక క్రెడిట్, ఏడాదికి నాలుగు దాకా. రిటైర్‌మెంట్ పెన్షన్‌కి నలభై కావాలి. ఇన్నేళ్ళూ ఉద్యోగం లేక, హెచ్4 ఈఏడీ వచ్చాక నడపడం మొదలుపెట్టిన ఆడవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

టిప్పులు విడిగా రాసుకోండి

2025 నుంచి 2028 దాకా టిప్పుల మీద కొత్త డిడక్షన్ వచ్చింది. ఏడాదికి 25,000 డాలర్ల దాకా, రైడ్‌షేర్ డ్రైవర్లు కూడా ఆ జాబితాలో ఉన్నారు. షెడ్యూల్ 1-ఎలో చూపించాలి. పెళ్ళైనవాళ్ళు జాయింట్‌గా ఫైల్ చేస్తేనే వర్తిస్తుంది. ఆదాయం ఒక్కరికి 150,000, జాయింట్‌కి 300,000 దాటితే తగ్గుతూ వస్తుంది. ఆ వ్యాపారంలో మీకు మిగిలిన లాభం కంటే ఎక్కువ తీసుకోవడానికి లేదు. ఇంకో మాట: ఇది ఇన్‌కమ్ ట్యాక్స్‌కే, 15.3 శాతం మాత్రం టిప్పుల మీద కూడా పడుతుంది. కాబట్టి టిప్పులను ఆదాయంలో చూపించి, తర్వాత ఈ డిడక్షన్ తీసుకోవాలి. ఆదాయంలోంచే తీసేయకూడదు.

ట్యాక్స్ డబ్బు ముందే పక్కన పెట్టడం

ఏడాది చివర్లో 1,000 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ బాకీ పడేలా ఉంటే మూణ్ణెల్లకోసారి కట్టాలి. తేదీలు: ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, మళ్ళీ జనవరి 15. ఐఆర్ఎస్ డైరెక్ట్ పేలో బ్యాంకు అకౌంట్ నుంచి నేరుగా కట్టేయొచ్చు, ఫీజు ఉండదు. కిందటి ఏడాది మొత్తం ట్యాక్స్‌కి సమానంగా ఈ ఏడాది కట్టేస్తే ఎంత సంపాదించినా పెనాల్టీ పడదు. కిందటేడు ఆదాయం 150,000 దాటినవాళ్ళు 110 శాతం కట్టాలి.

ఎంత పక్కన పెట్టాలి? ప్రతి ఆదివారం రాత్రి ఒక లెక్క వేసుకోండి. వారంలో బ్యాంకులో 800 పడింది, 620 మైళ్లు నడిపారు. మైళ్లకు 434 తీసేస్తే 366. అందులో ముప్పై శాతం, అంటే 110 డాలర్లు వేరే సేవింగ్స్ అకౌంట్‌లోకి పంపేయండి. చాలా ఇళ్ళకి ఇది సరిపోతుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి చోట రాష్ట్ర ట్యాక్స్ కూడా ఉంటుంది, ఇంకొంచెం కలపండి. టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి ఆ బాధ లేదు.

ఇంట్లో ఇంకొకరికి డబ్ల్యూ-2 ఉద్యోగం ఉంటే ఇంకా తేలికైన దారి ఉంది. జీతంలోంచి ఎంత ట్యాక్స్ పట్టుకోవాలో కంపెనీకి చెప్పే వాళ్ళ డబ్ల్యూ-4 ఫారంలో 4(సి) గడిలో ప్రతి పేచెక్‌కి అదనంగా ఇంత పట్టుకోమని రాస్తే చాలు. అలా జీతంలో పట్టుకున్నది ఏడాదంతా సమానంగా కట్టినట్టే లెక్క. అక్టోబర్‌లో గుర్తొచ్చినా మిగిలిన నెలల్లో సర్దుకోవచ్చు. మా ఇంట్లో ఇప్పుడు చేసేది ఇదే, మూణ్ణెల్ల తేదీల గొడవ లేదు.

ఏప్రిల్‌లో డబ్బు లేకపోతే

రిటర్న్ మాత్రం ఆపకండి. ఫైల్ చేయకపోతే బాకీ మీద నెలకి 5 శాతం పెనాల్టీ, ఫైల్ చేసి కట్టలేకపోతే 0.5 శాతమే. రెండింటికీ పది రెట్ల తేడా. వాయిదాల్లో కట్టుకునే ప్లాన్ ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లోనే అడగొచ్చు. ఫారం 4868 పెట్టి అక్టోబర్ 15 దాకా గడువు తీసుకోవచ్చు గానీ, అది కాగితాలకి గడువు, డబ్బుకి కాదు.

నోట్‌బుక్ ఎప్పటిదాకా ఉంచాలి?

మామూలుగా ఫైల్ చేసిన తేదీ నుంచి మూడేళ్ళు అంటారు. మైళ్ల పుస్తకాన్ని మాత్రం అంతకంటే ఎక్కువ కాలం ఉంచండి. 2025లో ఆ 70 సెంట్లలో 33 సెంట్లు కారు అరుగుదల కింద లెక్క. అంటే 28,000 మైళ్లకు మీ కారు కొన్న ధరలోంచి 9,240 డాలర్లు కాగితం మీద తగ్గిపోయినట్టే. రేపు ఆ కారు అమ్మితే, లాభమా నష్టమా అన్నది ఇలా తగ్గిన ధరతో పోల్చి చూస్తారు, ఆ లెక్కకి అన్నేళ్ళ మైళ్లూ కావాలి. కారు అమ్మిన ఏడాది రిటర్న్ ఫైల్ చేశాక ఇంకో మూడేళ్ళు గడిచేదాకా ఆ నోట్‌బుక్‌లన్నీ ఒక కవర్‌లో పెట్టి, పాస్‌పోర్టులు దాచే చోటే ఉంచండి.